కుడి చెయ్యి నోటిదాకా

మా పాప పుట్టేటప్పుడు తల మర్యాదగానే బయటికి వచ్చింది. భుజం మాత్రం లోపలే ఆగిపోయింది, రావాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. ఆ ఆలోచన ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. గుర్తున్నది ఒక్కటే. అప్పటిదాకా నా మీద గట్టిగా కేకలేసిన డాక్టరమ్మా నర్సులూ ఒక్కసారిగా గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆస్పత్రిలో అందరూ మెల్లగా మాట్లాడుతున్నారంటే భయపడాల్సిన సమయం వచ్చిందని నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత పాప ఏడ్చింది. బరువు తూచిన నర్సు నమ్మకం కుదరక ఇంకోసారి తూచింది.

"గింత పిల్లను ఎట్ల మోసినవమ్మా?"

"నడుమ దించుకునే వీలు లేకుండె సిస్టర్," అన్నాను.

ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఆ రోజుల్లో ఇలాంటి అనుభవం తెలుగులో ఎవరైనా రాశారేమోనని ఫోనులో చాలా వెతికాను. దొరికినవన్నీ డాక్టర్లు డాక్టర్ల కోసం రాసుకున్నవి. ఇప్పుడు ఎవరో ఒక తల్లి అలాగే వెతుకుతూ ఉంటుంది కాబట్టి రాస్తున్నాను. నాకోసం కూడా కొంత. ఇప్పటికీ ఆ భుజం సంగతి తలుచుకుంటే నా భుజం బిగుసుకుంటుంది.

శ్రావణం

తొలి కాన్పు తల్లిగారింట్లో అన్నది మా వైపు ఆనవాయితీ. అందుకని ఆదిలాబాద్‌లో నేను బోటనీ చెప్పే జూనియర్ కాలేజీకి సెలవు పెట్టి కరీంనగర్ వచ్చాను. మా ఆయన రాజు దుబాయిలో ఏసీలు బాగుచేస్తాడు. బాపు పోయాక అవ్వ, అంటే మా అమ్మ, ఒక్కతే ఉంటోంది, ఆమెకు ఒక పని దొరికినట్టయింది.

పాప పుట్టిన మరునాడు పొద్దున బట్ట మారుస్తూ అవ్వ ఆగిపోయింది.

"బిడ్డా, గీ చెయ్యి ఆడుతలేదే."

చూశాను. ఎడమ చెయ్యి గాలిలో ఎవరినో పిలుస్తోంది, ఎవరినో తిడుతోంది. కుడి చెయ్యి పక్కకు పడి ఉంది. మోచెయ్యి తిన్నగా ఉంది, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంది. పరీక్ష హాల్లో చీటీ దాచుకునే పిల్లల చెయ్యి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. సరిగ్గా అలాగే ఉంది. పుట్టి ఒక్క రోజు కాకముందే నా కూతురు ఏం దాస్తోందా అనుకున్నాను. అంతకు మించి అనుకునే ధైర్యం లేక అలా అనుకున్నాను.

పిల్లల డాక్టరు వచ్చి పాపను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం నాకు నచ్చలేదు.

"మెడ నుంచి చేతికి పోయే నరాలు పుట్టేటప్పుడు గుంజుకపోయినయమ్మా. ఊరికే సాగితే వాటంతటవే కోలుకుంటయి. తెగితే కోలుకోవు. ఏది జరిగిందో ఇప్పుడే చెప్పలేను. మూడు నెలలు చూద్దాం. ఆలోపు మోచెయ్యి తనంతట తను వంగితే మంచిదే. వంగకపోతే హైదరాబాద్ పంపిస్త, నరాల ఆపరేషన్ సంగతి వాళ్లు మాట్లాడుతరు."

నాకు అర్థం కావాలని మందుల చీటీ వెనక బొమ్మ గీశాడు. మెడ దగ్గర మొదలయ్యేవి వేర్లు. అవి కలిస్తే కాండాలు. కాండాలు చీలి, మళ్లీ కలిసి, చివరికి కొమ్మలై చేతిలోకి పోతాయి. ఇవి నేను పెట్టిన పేర్లు కావు, వైద్య పుస్తకాల్లో ఉన్నవే. బోటనీ చెప్పే మనిషి కూతురి భుజంలో ఒక చెట్టు ఉందనీ, దాని వేర్లు మెడలోనూ కొమ్మలు వేళ్లలోనూ ఉన్నాయనీ, అది తలకిందులుగా పెరుగుతుందనీ ఆ రోజు తెలిసింది. భయపడుతూనే ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయాను. అంత అందమైనది పాప లోపల ఉన్నట్టు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"అంటే ఇప్పుడు మనం చేసేది ఏముంది సార్?" అని అడిగాను.

"చెయ్యకూడనివే ఎక్కువ. చెయ్యి గుంజొద్దు. చంకల కింద పట్టి లేపొద్దు. కొన్ని రోజులు కుర్తా చెయ్యిని ఛాతీకి పిన్ను పెట్టి ఉంచండి. తర్వాత మెల్లగా వ్యాయామం నేర్పిస్తరు."

ఈ మాటలన్నీ నాతో చెప్పాడు గానీ, తగిలింది మా అవ్వకు. మా వీధిలో అవ్వ చేత నీళ్లు పోయించుకోని పిల్లలు తక్కువ. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాటి మీద పిల్లను పడుకోబెట్టి, నూనె పట్టించి, రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా వేసి సాగదీసి, ఈ చేతిని ఆ కాలికి, ఆ చేతిని ఈ కాలికి తగిలించి, వేడినీళ్లు పోసి ఊదు పొగ వేస్తే, ఎంత మొండి పిల్లయినా పూటంతా నిద్రపోవాల్సిందే. అది ఆమె విద్య. ఇప్పుడు డాక్టరు ఆ విద్యలో సగం తీసి పక్కన పెట్టమన్నాడు.

ఆటో దిగి ఇంట్లోకి వచ్చాక అవ్వ అంది: "తడిగుడ్డతోని తుడుసుడు కూడ ఒక తానమేనా?"

కానీ తుడిచింది. పాత చీరలు చింపి, ముందువైపు ముడులు వేసే కుర్తాలు కుట్టింది. తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు చివర కుడి చెయ్యి. మొదటిసారి ఒక కుర్తా తొడగడానికి ఇద్దరు ఆడవాళ్లకు పట్టిన సమయంలో మా వైపు పెళ్లి ఒకటి అయిపోతుంది. వారం తిరిగేసరికి అవ్వ ఒక్కతే, పాపకు మెలకువ రాకుండా ఆ పని చేసేది. పిల్లలను రొట్టెపిండిలా పిసికిన చేతులు అవి. వాటికి ఆ మెత్తదనం ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగలేదు.

తొట్టెల

ఇరవై ఒకటో రోజున తొట్టెల వేశాం, పాపను మొదటిసారి ఉయ్యాలలో వేసే వేడుక అది. బోథ్ నుంచి అత్తమ్మ వచ్చింది. పత్తి చేను మామకు అప్పగించి, వెన్న, సద్దరొట్టెలు, నలుగురు పిల్లల్ని పెంచిన అనుభవం, అన్నీ మూటగట్టుకుని వచ్చింది.

మా వైపు పిల్లను చూడవచ్చిన వాళ్లు చేతిలో ఒక నోటు పెడతారు. కుడి చేతిలోనే పెట్టాలి, ఎడమ చేతిలో పెట్టడం మంచిది కాదు. అత్తమ్మ కూడా తొట్టెలలోకి వంగి, ఆ పడి ఉన్న కుడి పిడికిలిలో నోటు మడిచి పెట్టింది. పాప దాన్ని గట్టిగా పట్టుకుంది. అత్తమ్మ లాగి చూసింది. వదల్లేదు.

"అగో బాయి! సూడుండ్రి సూడుండ్రి. నా మనుమరాలు నోటు ఇడుస్తలేదు. శెయ్యి పనిచేస్తలేదన్నదెవరు?"

ఇక ఇంట్లో ఉన్న అందరూ వరసగా వచ్చి నోటు పెట్టి లాగి చూశారు. అందరికీ అదే ఫలితం. "నౌకరీ చేసెటోళ్ల పిల్ల కదా, పైసలు ఇడుస్తదా?" అంది పక్కింటావిడ. రాజుకు ఫోన్ చేశారు. "డాక్టర్లు గట్లనే అంటరు, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. అతని గొంతులో ఎన్నో రోజులుగా లేని గాలి వినిపించింది. ఆ పూట నేనూ నమ్మాను. చదువుకున్నదాన్ని గనక కాస్త ఆలస్యంగా నమ్మాను, అంతే తేడా.

మరునాడు పొద్దున అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, పీట మీద కాళ్లు చాపి కూర్చుంది.

"నూనె తెండ్రి. ఇయ్యాలటి నుంచి నేను పోస్త నీళ్లు. ఇన్నొద్దులు సాగదియ్యక గా శెయ్యి పట్టేసింది. నాలుగొద్దులు మంచిగ గుంజితె సక్కగైతది."

అవ్వ పాపను ఎత్తుకుని గడప దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు.

"వదినె, పిల్ల నీ ఇంటిది. నాకంటె నీకే హక్కెక్కువ. గానీ గా చెయ్యి గుంజనియ్య."

"నలుగురిని కన్న. ఒక్కలకన్న శెయ్యి వంకరున్నదా?"

"లేదు. గీ నా బిడ్డను నేను గుంజి గుంజి పోసిన, ఈమెకూ లేదు. గప్పటి పిల్లలకు నరం దెబ్బ తాకలే వదినె. గీ పిల్లకు తాకింది."

"నోటు పట్టుకున్నది కనవడలేదా నీకు?"

"కనవడ్డది. అయినా గుంజనియ్య."

అత్తమ్మ నూనెగిన్నె పక్కకు నెట్టి లేచింది. అరుగు మీద కూర్చుని కొడుక్కి ఫోన్ చేసి, వీధి మొత్తానికి వినపడేలా చెప్పింది: "మీ అత్తగారింట్ల నన్ను పిల్లను ముట్టనిస్తలేరు బిడ్డా." రాజు ఏమన్నాడో తెలియదు. దుబాయిలో ఉన్నందుకు అతను సంతోషించిన రోజు బహుశా అదొక్కటే.

ఆ రోజే వ్యాయామం నేర్చుకోవడానికి ఫిజియోథెరపీకి వెళ్లాలి. నేనూ అవ్వా ఆటో ఎక్కాం. అత్తమ్మను ఎవరూ పిలవలేదు. ఆమే వచ్చి ఎక్కింది. దారి పొడుగునా ముగ్గురం మూడు వైపులకు చూస్తూ కూర్చున్నాం.

బయట బల్ల మీద మా పక్కన ఒకామె, నాలుగేళ్ల కూతురు. ఆసిఫాబాద్ నుంచి వచ్చారట. ఆమె మా పాప పిన్ను పెట్టిన కుర్తా చూసి ఏమీ అడగకుండానే అర్థం చేసుకుంది.

"కుడిదా అక్కా? మా దానిది ఎడమది. మాకు వంగలే. హైదరాబాద్ల ఆపరేషన్ చేసిండ్రు."

నేను పాపను ఇంకా దగ్గరికి పొదువుకున్నాను. ఆమె చూసింది కాబోలు, కూతురి వీపు తట్టి, "ఏదీ, అక్కకు జుట్టు దువ్వి సూపియ్యి" అంది. ఆ పిల్ల దువ్వెన తీసి ఎడమ చేత్తో, తల కొంచెం వంచి దువ్వుకుంది. పాపిట చెవి దాకా పోయింది.

"జర వంకర దువ్వుతది," అంది ఆమె. "గంతే."

ఆ "గంతే" అన్న మాట నాకు ఏ డాక్టరూ ఇవ్వని మందు. వంగకపోతే ఏమవుతుందో అని అప్పటిదాకా ఊహించుకున్న చీకటి గదిలో, ఒక పిల్ల దువ్వెన పట్టుకుని నిలబడి ఉంది.

ఫిజియోథెరపీ మేడం పేరు షబానా. అత్తమ్మ ఆమె కూర్చునే లోపే నోటు తీసి పాప చేతిలో పెట్టింది.

"సూడు మేడం. పట్టుకుంటది."

షబానా మేడం నవ్వింది. "మస్తు పట్టుకుంటది అమ్మీ. పైసలు పట్టుకునుడు పిడికిలి పని. దాని నరం కింది వేరు నుంచి వస్తది, అది మంచిగుంది. మోచెయ్యిది పై వేరు. దెబ్బ పైదానికి తాకింది. పట్టుకున్నది నోటిదాక తెచ్చుకోవాలె. గప్పుడు మనం గెలిచినట్టు."

"మరి గుంజితె?"

"కోలుకునే నరానికి మళ్ల దెబ్బ తాకుతది. ఇటు తేండి మీ చెయ్యి." అత్తమ్మ వేళ్లు తీసుకుని పాప మోచేతి కింద పెట్టింది. "ఆహిస్తా... ఇంక మెల్లగ. ముల్లంగి పీకుతున్నమా? గిట్ల మడవాలె, గిట్ల ఇడవాలె. నొప్పి లేకుండ. రోజూ."

అత్తమ్మ ఊపిరి బిగబట్టి మడిచింది, విడిచింది. మళ్లీ చేసింది. పత్తి ఏరి ఏరి గరుకైన వేళ్లు, పాప మోచెయ్యి కింద కాయితం పడవను పట్టుకున్నట్టు ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆమే ముందు మాట్లాడింది.

"వదినె, పొద్దుగాల నువ్వు ఇయ్యకపోయింది మంచిదైంది."

"నూనె నువ్వు పట్టియ్యి వదినె," అంది అవ్వ. "కాళ్లకు."

ఆ రోజు నుంచి అత్తమ్మను మించిన కాపలా లేదు. చూడవచ్చిన వాళ్లు నోటు తీయగానే, "శేతిల వద్దు, తొట్టెలల పెట్టుండ్రి. అది పైసలు పట్టుకునుడు ఎప్పుడో నేర్సుకున్నది" అనేది. బోథ్‌లో పత్తి పగలడం మొదలైందని మామ ఫోన్ చేస్తే, కూలీలను పెట్టుకొమ్మంది.

బతుకమ్మ

రెండో నెల గడిచిపోయింది. చెయ్యి కదల్లేదు.

క్లాసులో ప్రతి ఏడాదీ పిల్లలచేత గింజలు మొలకెత్తించే ప్రయోగం చేయిస్తాను. ఒక్కటే హెచ్చరిక చేస్తాను: మొలిచిందా లేదా అని తవ్వి చూడొద్దు. ఇప్పుడు నేను రోజంతా తవ్వుతున్నాను. పాలిస్తూ మోచెయ్యి వైపు చూడటం, నిద్రలో మోచెయ్యి వైపు చూడటం. నరం బాగైతే ఎంత వేగంగా పెరుగుతుందని షబానా మేడంను అడిగాను. "గోరు పెరుగుడు కనిపిస్తదా మీకు? గట్ల" అంది. మెడ నుంచి మోచెయ్యిదాకా, చీకట్లో, దారి చూపేవాళ్లు లేకుండా, గోరు నడకన ఒక తీగ వస్తూ ఉండవచ్చు. రాకపోతూ ఉండవచ్చు. రెండింటికీ బయటినుంచి కనిపించేది ఒకటే, పడి ఉన్న చెయ్యి.

రాజు రోజూ వీడియో కాల్ చేసేవాడు. పాపను కాళ్ల వైపు నుంచి చూపించేదాన్ని, కాబట్టి కదలని చెయ్యి ఎప్పుడూ అతని తెర మీద ఎడమ పక్కకు ఉండేది. అతను అలాగే గుర్తు పెట్టుకున్నాడు. ఒకరోజు నేను బతుకమ్మ పేర్చడానికి తంగేడు పూలు సర్దుతుంటే అత్తమ్మ ఫోన్ పట్టుకుని పాప తల వైపు నిలబడింది. బొమ్మ తలకిందులైంది. చేతులూ అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయి.

"కదిలింది!" ఫోనులోంచి అరుపు. "అవ్వా, వంగింది! ఇగో, మళ్ల వంగింది!"

పూలు వదిలేసి పరుగెత్తాను. అప్పటికే వియ్యపురాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. వాళ్లను తప్పుకోమని పాపను చూశాను. ఎడమ చెయ్యి. పుట్టిన నాటి నుంచీ చేస్తున్న పనే శ్రద్ధగా చేస్తోంది.

"అది ఎడమ చెయ్యయ్యా," అన్నాను.

తర్వాత అన్నాడు: "రూముల అందరికి చెప్పిన. మజీద్ భాయ్ సేమ్యా వండుతుండు."

"తినుండ్రి. ఎడమ చేతికి కూడ ఒక పండుగ కావాలె కదా."

నవ్వాడు. నేనూ నవ్వాను. సిగ్నల్ సరిగా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాడు. సిగ్నల్ బాగానే ఉంది.

కార్తీకం

మూడో నెల నిండబోతోంది. డాక్టరు దగ్గరికి పోవాల్సిన వారం వచ్చింది. హైదరాబాద్‌లో ఎవరి ఇంట్లో దిగాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. అవ్వ మొక్కులు మొక్కింది. పాప అక్షరాభ్యాసం బాసరలోనే చేయిస్తానని కూడా మొక్కింది. అక్షరాలు ఏ చేత్తో రాస్తుందో మాత్రం ఎవరమూ అనలేదు.

మధ్యాహ్నం ఎండ పొడకు వాకిట్లో చాప వేసి, కుర్తా విప్పి పాపను పడుకోబెట్టాం. వ్యాయామం అయిపోయింది. అత్తమ్మ అనపకాయలు ఒలుస్తోంది. అవ్వ కుర్తాలు మడత పెడుతోంది. నేను, ఇంకేముంది, మోచెయ్యి వైపు చూస్తున్నాను.

ముంజేయి వణికింది. గాలికేమో అనుకున్నాను. గాలి లేదు. చాప మీది నుంచి ఒక వేలెడు లేచి పడిపోయింది. నేను ఎవరినీ పిలవలేదు. పిలిస్తే ఆగిపోతుందేమోనని భయం. కానీ అనపకాయలు ఒలిచే చప్పుడు ఆగిపోయింది, కుర్తా మడత సగంలో ఆగిపోయింది. వాళ్లూ చూస్తున్నారన్నమాట, ఇన్నాళ్లూ వాళ్లూ తవ్వుతూనే ఉన్నారన్నమాట.

మళ్లీ లేచింది. పడింది. పాప ముఖం ఎర్రబడింది. మూడోసారి పిడికిలి మెల్లగా, ఎవరో లోపలినుంచి తాడు లాగుతున్నట్టు, ఛాతీ దాటి, గడ్డం దాటి పైకి వచ్చింది. మోచెయ్యి వంగింది. నోటికి గురిపెట్టిన పిడికిలి గురి తప్పి ముక్కు మీద ఫట్‌మని పడింది.

పాప గుక్కపట్టి ఏడ్చింది. ఎవరమూ ఎత్తుకోలేదు. ఎత్తుకునే స్థితిలో ఎవరమూ లేం. అవ్వ కుర్తాలో ముఖం దాచుకుంది. అత్తమ్మ అనపగింజలు ఒళ్లోంచి జారి వాకిలంతా దొర్లాయి. ఆ మధ్యాహ్నం మా వాకిట్లో నలుగురం ఏడ్చాం. సరైన కారణం ఉన్నది మాత్రం పాపకొక్కదానికే.

"మళ్లొకసారి చెయ్యమను," అంది అత్తమ్మ ముక్కు చీదుతూ.

"పిల్లను కొట్టుకోమంటున్నవా వదినె?" అని అప్పుడు ఎత్తుకుంది అవ్వ.

రాజుకు ఫోన్ చేశాను.

"వంగింది."

"ఏ చెయ్యి?"

"కుడి."

"ఎవరి కుడి?"

"పాప కుడి."

"నువ్వు ఏ దిక్కు నిలవడ్డవు, కాళ్ల దిక్కా, తల దిక్కా?"

"కాళ్ల దిక్కు."

ఈసారి సిగ్నల్ మాట ఎత్తలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు.

డాక్టరు ముందు పాప ఏమీ చేయలేదు. నానమ్మా అమ్మమ్మా ఇద్దరూ చప్పట్లు కొట్టినా చేయలేదు. మేము అబద్ధం చెప్పామని ఆయన అనుకోబోతుండగా, మెడలో వేలాడుతున్న ఆయన స్టెతస్కోపును కుడి చేత్తో పట్టి నోట్లో పెట్టుకుంది. ఆయన దాన్ని వెంటనే లాక్కోలేదు. పాప చప్పరించడం పూర్తయ్యేదాకా అలాగే వంగి నిలబడ్డాడు.

"ఆపరేషన్ మాట ఇప్పుడు వద్దు," అన్నాడు.

ఇప్పుడు

చెయ్యి పూర్తిగా బాగైపోయిందని చెప్పను. మోచెయ్యి బాగుంది, భుజం ఇంకా వెనకబడి ఉంది. నెలకోసారి షబానా మేడం దగ్గరికి ఆదిలాబాద్ నుంచి బస్సులో పోతూనే ఉన్నాం. ఇలాంటి పాప మీ ఇంట్లో ఉంటే నేను చెప్పగలిగింది కొంచెమే. పిడికిలి చూసి మోసపోకండి. పెద్దవాళ్లు నీళ్లు పోస్తామంటే వాళ్లతో పోట్లాడే ముందు వాళ్లనూ ఆస్పత్రికి తీసుకుపోండి. మూడో నెలలో చూపించమంటే మూడో నెలలోనే చూపించండి. వంగకపోతే దారులు మూసుకుపోవు, జుట్టు దువ్వుకునే ఆసిఫాబాద్ పిల్లను గుర్తు చేసుకోండి. ఇది మీరు చేసిన తప్పు కాదు. ఈ చివరి మాట నాకు చాలామంది చెప్పారు, నమ్మడానికి చాలా రోజులు పట్టింది. మీకూ పడుతుంది.

మొన్న అత్తమ్మ ఆదిలాబాద్ వచ్చినప్పుడు పాపను అడిగింది: "నువ్వు ఎంత పెద్దగైతవే?"

పాప రెండు చేతులూ పైకెత్తి, "గింత!" అంది.

ఎడమ చెయ్యి ఆకాశానికి పోయింది. కుడి చెయ్యి చెవి పక్కకు వచ్చి ఆగింది. అందరూ ఎడమ చెయ్యి చూసి నవ్వారు. నేను కుడి చెయ్యి వైపే చూస్తూ ఉండిపోయాను. అంత ఎత్తుకు అది ఎలా వచ్చిందో, వేర్ల గురించి పాఠం చెప్పే నాకు ఇప్పటికీ తెలియదు.